మూడంతస్తుల కేకు, ఒక క్వార్టర్ సీసా

3వ తేదీ, సోమవారం

ఆర్యా, నమస్కారములు.

సంబోధన లేకుండా రాయడం మొదలుపెట్టడం నాకు చేతకాదు. ఎవరికి రాస్తున్నానో నాకే తెలియదు కనుక ‘ఆర్యా’తో సరిపెడుతున్నాను. ఊరి పేరు, నెల పేరు బుద్ధిపూర్వకంగానే వదిలేస్తున్నాను. ఈ డైరీ ఎవరి చేతికైనా చిక్కితే అదే క్షేమం.

మా ఆవిడకు పెళ్లి కేకు ఆర్డరు వచ్చింది. బడిలో ఆమె కెమిస్ట్రీ చెప్పేది, నేను తెలుగు చెప్పేవాడిని. రిటైరయ్యాక నేను మద్యపాన వ్యతిరేక సంఘానికి కార్యదర్శినయ్యాను. ఆమె వంటింటిని కేకుల కార్ఖానాగా మార్చింది. ఇంతవరకు పుట్టినరోజు కేకులే చేసింది. ఇది మూడంతస్తులది. పెళ్లికూతురు మా సంఘం అధ్యక్షులవారి మనవరాలు.

కేకు అందరికీ నచ్చితే ఇకపై తన హాల్లో జరిగే పెళ్లిళ్లన్నీ నీవేనని హాలు మేనేజరు మాట ఇచ్చాడట. ‘మీవే’ అనవలసింది. ఆ సంగతి చెబితే, ముందు ఆర్డరు రానివ్వండి, గౌరవం తరువాత నేర్పుదాం అంది. ఈ అవకాశం కోసం ఆమె ఎన్నాళ్లుగా ఎదురుచూస్తోందో నాకు తెలుసు. అందుకే ఊరుకున్నాను.

ఆదివారం రిసెప్షన్. కేకు మొత్తం వెండిలా తళతళలాడాలని పెళ్లికూతురి కోరిక.

5, బుధవారం

ఫాండెంట్ అంటే చక్కెర ముద్ద. మా ఆవిడ దాన్ని పల్చగా ఒత్తి, దుప్పటి కప్పినట్టు ఒక్కొక్క అంతస్తుకూ కప్పి, అరచేత్తో నిమిరింది. రెండో అంతస్తు వెనుక ఒక ముడత ఉందని సూచించాను. మీ మొహాన ఇన్ని ఉన్నాయి, నేనేమైనా అన్నానా అంది.

6, గురువారం, ఉదయం

మా ఆవిడ కేకు కిందికి అట్టలు తేవడానికి బజారు వెళ్లింది. దేన్నీ ముట్టుకోవద్దని చెప్పే వెళ్లింది. అయితే ఖాళీగా కూర్చోవడం నా స్వభావానికి విరుద్ధం. మెరుపు పొడి డబ్బా మీద ‘ద్రవంలో కలిపి బ్రష్‌తో పూయవలెను’ అని ఉంది. ఏ ద్రవమో లేదు. ఇటువంటి అసంపూర్ణ వాక్యాలు రాసేవారిని ఏమనాలి? కాచి చల్లార్చిన మంచినీళ్లలో కలిపి, పై అంతస్తుకు పూశాను.

అద్భుతంగా ఉంది.

గురువారం, మధ్యాహ్నం

అద్భుతం ఎంతోసేపు నిలవలేదు. కేకు ఏడవడం మొదలుపెట్టింది. చక్కెర కరిగి, వెండి చారలు చారలుగా జారి, బల్ల మీదికి వచ్చింది.

మా ఆవిడ అరవలేదు. నీళ్లు తగిలితే చక్కెర ఏమవుతుందో ఊళ్లో పిల్లలందరికీ చెప్పాను, ఇంట్లో చెప్పడం మరిచిపోయాను అంది. పొడిని కలపవలసింది వోడ్కాలోనట. అది చక్కెరను కరిగించేలోపే ఆవిరైపోతుందట. మెరుపు మాత్రం మిగులుతుందట.

ఈ ఇంట్లో అటువంటి పదార్థానికి చోటు లేదన్నాను.

అల్మరాలో చిన్న సీసా ఉండాలే, ఏదండీ అంది.

కళ్లద్దాలు తుడుచుకునే మందా, అయిపోయింది, మరొకటి తెప్పించు, చాలా బాగా పనిచేసింది అన్నాను.

మా ఆవిడ గోడ వైపు తిరిగి చాలాసేపు నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని దగ్గరికి వెళ్లాను. నవ్వుతోంది. తరువాత ఆ అంతస్తు చక్కెరంతా ఒలిచి, కొత్త ముద్ద కలపడానికి కూర్చుంది. ఆమె కదలడానికి వీల్లేదు. కాబట్టి సీసా తేవలసింది నేనే.

7, శుక్రవారం, ఉదయం

గొడుగు అడ్డం పెట్టుకుని వైన్ షాపుకు వెళ్లాను. ‘హానికరం’ అనే మాటను బోర్డు మీద ‘హాని కరం’ అని రెండు ముక్కలు చేసి రాశారు. దానివైపు చూస్తూ గొడుగు దించడమే పొరపాటు. ముందున్నవాడు తిరిగి చూసి, సార్, మీరు లైన్లో నిలబడ్డమేంటి సార్, ఒరే జరగండ్రా, మన సారొచ్చారు అన్నాడు. లైను రెండుగా చీలింది. సగానికి సగం నా శిష్యులే. నా పదవీ విరమణ సభలో కూడా ఇంత మర్యాద జరగలేదు.

ఏ బ్రాండని షాపువాడు అడిగాడు. రుచితో పని లేదు, రంగు లేకపోతే చాలన్నాను. పెద్దాయన ఎక్కడికో వెళ్లిపోయాడ్రా అని వెనుక ఎవరో అన్నారు. సోడా, గ్లాసు కావాలా అన్నాడు షాపువాడు. అక్కర్లేదు, బ్రష్‌తో కానిచ్చేస్తానన్నాను.

అతడు క్వార్టర్ సీసాను కాగితంలో చుట్టి, రెండు చేతులతో అందించాడు.

శుక్రవారం, సాయంత్రం

పొడిలో వోడ్కా చుక్కలుగా వేసి, గోళ్లరంగు చిక్కదనం వచ్చేదాకా కలపాలి. బ్రష్ ఒకే దిశలో నడవాలి. చూస్తుండగానే ఆరిపోతుంది. ఆరాక అంచుల వెంబడి చక్కెర పలుకులు అద్ది, పైన పంపు సీసాతో మెరుపు చల్లాలి. కేకు వెనుక భాగం మా ఆవిడ నాకు అప్పగించింది. ముక్కుకు రుమాలు కట్టుకుని పూశాను. ఆ ముడత ఇప్పుడు కనబడడం లేదు. నిజం చెప్పాలంటే నాకు బడి వదిలాక ఇంత సంతోషం కలగలేదు.

8, శనివారం

సంఘం కోశాధికారి వచ్చాడు. పూర్వాశ్రమంలో డ్రిల్లు మాస్టారు. గుమ్మంలోనే గాలి పీల్చాడు. ఇల్లంతా వాసన. నావైపు చూడకుండా మా ఆవిడతో, ఎన్నాళ్లనుంచి చెల్లెమ్మా అన్నాడు. ఈ వారమే అన్నయ్యగారూ, ఆదివారం దాటితే ఫరవాలేదు అంది. నేను నోరు తెరిచాను. ఆమె నా కాలు తొక్కింది.

అతడు వెళ్లాక విషయం చెప్పింది. పెళ్లికూతురికి వోడ్కా సంగతి ముందే చెప్పిందట. ఆ పిల్ల నవ్వి, మా తాతయ్య చెవిన మాత్రం పడనివ్వకండి టీచర్, అందరిచేతా చేతులు కడిగిస్తాడు అందట. కేకులో ఇప్పుడు చుక్క కూడా లేదు, అంతా గాలిలో కలిసింది, కానీ ఆ పెద్దాయనకు అదంతా పాఠం చెప్పే సమయమా ఇది అంది. మీరు నిజం చెబితే కేకు కోయకుండానే వెనక్కి వస్తుంది, చెప్పకపోతే మీ పరువు పోతుంది, మీ ఇష్టం అంది.

మా ఆవిడ ‘మీ ఇష్టం’ అనడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి.

9, ఆదివారం, మధ్యాహ్నం

పై అంతస్తును ఒళ్లో పెట్టుకుని కారులో హాలుకు చేరాను. దారిలో గుంతలన్నీ నా వెన్నెముకకు తెలుసు.

ఆదివారం, సాయంత్రం

దీపాలు వేయగానే హాలంతా ‘ఆ’ అని నోరు తెరిచింది. కేకు అలా ఉంది. పిల్లలు వేలు పెట్టబోయి, ధైర్యం చాలక వెనక్కి తీసుకున్నారు.

కోసే ముందు అధ్యక్షులవారు నన్ను పక్కకు పిలిచారు. హాలు మేనేజరు అక్కడే నిలబడి ఉన్నాడు. మాస్టారూ, ఏదో విన్నాను, ఆ సీసా మీరు కొనలేదని ఒక్క మాట అనండి, నేను నమ్ముతాను అన్నారు. మా ఆవిడ కత్తికి రిబ్బను కడుతోంది. కట్టిన ముడినే విప్పి మళ్లీ కడుతోంది. నావైపు చూడలేదు.

కొన్న మాట నిజమేనండీ, చుక్క మిగల్లేదు అన్నాను. రెండూ సత్యవాక్యాలే.

ఆయన కళ్లు చెమర్చాయి. రేపు రాజీనామా పంపండి అన్నారు. తరువాత వెళ్లి కేకు రెండు ముక్కలు తిని, మూడోది అడిగి పెట్టించుకున్నారు. మూతి మెరుస్తోందా మాస్టారూ అన్నారు. దేదీప్యమానంగా ఉందన్నాను.

మేనేజరు మా ఆవిడకు వచ్చే నెల తేదీలు చెప్పాడు. ఈసారి ‘మీరు’ అన్నాడు.

10, సోమవారం. పంపిన లేఖకు నకలు.

మహారాజశ్రీ అధ్యక్షులవారి సముఖమునకు నమస్కారములు. కార్యదర్శి పదవికి ఇందుమూలముగా రాజీనామా చేయుచున్నాను. పశ్చాత్తాపము లేదు. వచ్చే నెలలో మరి రెండు పెళ్లిళ్లు ఉన్నందున ఈ అలవాటును ఇప్పట్లో మానుకొనలేను. ఈ లేఖను సర్వసభ్య సమావేశములో, కామాల దగ్గర ఆగుచు, బిగ్గరగా చదివించ ప్రార్థన.