మేడమీద పదహారుమంది, కింద చిట్టెలుక

మేడమీద వ్యాయామం నేర్పే టీచరుగారికి,

కింది గది పరిశోధకురాలి నమస్కారాలు. రోజూ నాలుగయ్యేసరికి మీ పాటలు మొదలవుతాయి, ఆ వెంటనే మీ ఆడవాళ్ళ గెంతులన్నీ నా టూ-ఫోటాన్ మైక్రోస్కోపు చిత్రాల్లో పడుతున్నాయి. మూడు వారాలుగా చూస్తూ ఊరుకున్నాను. ఇక నావల్ల కాదు. దయచేసి కూర్చుని చేసే వ్యాయామాలు నేర్పండి.

ఇట్లు,
ఓపిక నశించిన పొరుగుమనిషి

తా.క. కుడి మూలన ఎగిరేవారెవరో గానీ, వారు దిగినప్పుడల్లా ఒక చిత్రం పూర్తిగా పోతోంది.

---

కింది గది పెద్దమనిషికి,

మూడు వారాలుగా చూస్తున్నానని ఎంత నిబ్బరంగా రాశారండీ! ఒకటి చాలక మనిషికి రెండేసి ఫోటోలా? ఎవర్నడిగి తీస్తున్నారు? నా దగ్గరికొచ్చే పదహారుమందీ యాభై దాటినవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు. మీరు కన్నం ఎక్కడ పెట్టారో అని నిన్న క్లాసంతా చాపలెత్తి నేల వెతకడమే సరిపోయింది!

ఇట్లు,
ఊరుకోబోని టీచరు

తా.క. కుడి మూలన ఎగిరేది మా అక్క. తన ఫోటో ఒక్కటే పోయిందని ఆవిడకి నాకంటే కోపంగా ఉంది.

---

టీచరుగారికి,

మీ ఫోటోలు నాకెందుకండీ! నేను చూసేది చిట్టెలుక మెదడు. దాని తల కదలకుండా నిలిపి, చక్రం మీద నడవనిస్తాం. పనిచేస్తున్న మెదడు కణాలు లేజరు వెలుగులో మెరుస్తాయి. వినే భాగం ఒకచోట, కాళ్ళు కదిపే భాగం ఇంకోచోట. చప్పుడు వింటే కాళ్ళెలా కదులుతాయో తెలియాలంటే రెండూ ఒకేసారి చూడాలి. వెంట్రుక మందంలో పదో వంతు అదిరినా చిత్రం చెడిపోతుంది. నెలాఖరుకి ఫలితం చూపించకపోతే నా పని ఆపేస్తారు. ఇది మీకు ఆటగా ఉందా?

ఇట్లు,
మీ గెంతులకి బలవుతున్న మనిషి

తా.క. మీ అక్కగారికి క్షమాపణలు.

---

కింది గది ఎలుకలావిడకి,

మీ ఉత్తరంలో ఎలుక అన్న మాట క్లాసులో చదివానో లేదో, పదకొండుమంది మెట్ల మీదున్నారు! మోకాళ్ళ నొప్పులవాళ్ళు అంత వేగంగా దిగడం తొమ్మిదేళ్ళలో నేను చూడలేదు. క్లాసు మూసేశాను. ఇప్పుడు మీ కళ్ళు చల్లబడ్డాయా?

ఇట్లు,
మీ పుణ్యాన ఖాళీగా కూర్చున్న టీచరు

తా.క. మిగిలిన అయిదుగురూ ధైర్యవంతులని అనుకోకండి. వాళ్ళకి చెవులు సరిగా వినబడవు.

---

గౌరవనీయులైన టీచరుగారికి,

అయిదు రోజులుగా మేడమీద చప్పుడు లేదు. చిత్రాలు ఇసుమంతైనా చెదరలేదు. సంబరపడ్డాను. తీరా చూస్తే చిట్టెలుకే కదలడం లేదు! నా ఫోనులో ఏవో పాటలు పెట్టాను. చెవి కూడా ఆడించలేదు.

అప్పుడు పాత చిత్రాలన్నీ మళ్ళీ తీసి చూశాను. మా మైక్రోస్కోపు బల్ల అదురు తగలకుండా గాలి మెత్తల మీద ఉంటుంది, మీ అడుగులు దాన్ని చేరనే లేదు. మీ పాట మొదలవగానే చిట్టెలుక మెదడులో వినే భాగం మెరిసేది, ఆ వెంటనే కాళ్ళు కదిపే భాగం. మీ పాటకి అది చక్రం మీద గెంతుతుంటే, పుర్రెలో దాని మెదడే అదిరేది. చెడిపోయాయని నేను పక్కన పడేసినవే నాకు కావలసిన చిత్రాలు.

తప్పు నాది. రేపు ఆ పదకొండుమంది ఇళ్ళకీ నేనే వెళ్ళి బతిమాలతాను. మీరు క్లాసు తెరవండి. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

ఇట్లు,
తల దించుకున్న పొరుగుమనిషి

తా.క. మూడో పాట మాత్రం కాస్త నెమ్మదిగా పెట్టండి. దాన్ని అందుకోలేక చిట్టెలుక ఆయాసపడుతోంది.