ఎడమ కాలికి పనిలేని బండి

ఫిబ్రవరి 4

ఈరోజు కూడా క్లిప్పే గీశాను. కారు డోర్ హ్యాండిల్ వెనక, ఏ మనిషికీ కనపడని చోట ఉండే ప్లాస్టిక్ క్లిప్పు. రెండేళ్ళుగా అదే. మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది ఇందుకేనా అని ఆఫీసు బాత్రూం అద్దంలో నన్ను నేను అడిగితే ఆవలింత వచ్చింది.

ఇంటికొచ్చేసరికి అన్నయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చెప్పులు కూడా విప్పనివ్వలేదు. పాత బళ్ళ యార్డులో స్పోర్ట్స్ కారు ఒకటి పడి ఉందట. పక్కనుంచి లారీ గుద్ది బాడీ నుజ్జయిపోయింది కానీ ఇంజన్, గేర్‌బాక్స్, ముందూ వెనకా సస్పెన్షన్ పెళ్ళికూతురిలా ఉన్నాయట. వాడి యూట్యూబ్ ఛానెల్‌కి ఇలాంటి వీడియో ఇంతవరకు పడలేదట.

నేను విన్నది ఒక్కటే ముక్క. గేర్లు స్టీరింగ్ వెనకే. వేళ్ళతో మార్చుకోవడమే. క్లచ్ పెడలే లేదు.

అమ్మ పాత వ్యాగన్ కారు గుర్తొచ్చింది.

ఫిబ్రవరి 5

వ్యాగన్ నాకంటే పెద్దది. అమ్మ కొనేటప్పటికే పాతది. వెనక తలుపు ఎత్తి కర్టెన్ రాడ్లు, బట్ట తానులు దూర్చి ఊరంతా తిరిగి ఇళ్ళకి కర్టెన్లు కట్టేది. నాన్న డ్రైవింగ్ నేర్చుకోలేదు. పక్కసీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతుంటాడు. ఇంట్లో డ్రైవర్ అంటే అమ్మే.

పోయిన ఏడు పక్షవాతం వచ్చింది. చెయ్యి తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది (ఆ మాట మరీ గట్టిగా తిరిగొచ్చింది), ఎడమ కాలు రాలేదు. ఆ బండి క్లచ్ ఎద్దుని తొక్కినట్టుంటుంది, నాకే మోకాలు నొప్పి. తాళం చెవి అన్నయ్య తీసి దాచేశాడు. అప్పటినుంచి బండి పెరట్లో షెడ్డులో.

ఆ స్పోర్ట్స్ కారు ఇంజన్, గేర్‌బాక్స్ వ్యాగన్‌లోకి ఎక్కించి ఎడమ కాలికి పనిలేని బండి చేసిస్తే అమ్మ మళ్ళీ తిరుగుతుంది. ఇంత సులువైన సంగతి ఇంతవరకు నాకెందుకు తట్టలేదో. క్లిప్పులు గీసి గీసి బుర్ర క్లిప్పంతే అయింది.

ఫిబ్రవరి 9

బండిని వర్క్‌షాపుకి లాక్కెళ్ళాం. సౌండ్ బాబాయిది. బానెట్ తెరవకుండా చెవి ఆనించి రోగం చెప్తానంటాడు కాబట్టి ఆ పేరు. సగం సార్లు తప్పే చెప్తాడు, గొంతు మాత్రం తగ్గదు.

అమ్మకీ నాన్నకీ పెయింటింగ్‌కి అని చెప్పాం. సర్‌ప్రైజ్ ఇవ్వాలని. అమ్మ మొహం మాడ్చుకుంది. ఇప్పుడెవడికి కావాలి పెయింటు, నేనేమైనా పెళ్ళిచూపులకి వెళ్తున్నానా అంది. ఎన్నాళ్ళు పడుతుంది అంది. మళ్ళీ ఎన్నాళ్ళు అంది. ఒళ్ళు మండింది. షెడ్డులో ఊరికే పడున్న బండికి తొందరేమిటి?

డ్రైవర్ సీట్లో ఒక దిండు, అమ్మ శాలువా, ఫ్లాస్కు. షెడ్డులో పాత పేపర్లు సర్దుకుంటున్నానని మధ్యాహ్నాలు వెళ్తుంది కదా, సామాను కూడా అక్కడే పడేస్తోందన్న మాట. తెచ్చి వరండాలో పడేశాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

పాత ఇంజన్ దించాం. వెనక ఇరుసు, కమాను పట్టీలు, పెడళ్ళు, అన్నీ బయటికి. బాబాయి ఉబ్బితబ్బిబ్బు. అవ్వకి పరుగుపందెం బూట్లు తొడుగుతున్నాం ఇంజనీరమ్మా, పడి పళ్ళు రాలితే నీదే పూచీ అన్నాడు.

క్లచ్ పెడల్‌కి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి దారంతో బిగించి ఉంది. పెడల్ పక్కన లోపలి గోడ మీద ఎర్రటి చుక్కలు, మెట్లలా కిందికి దిగుతూ. బాబాయి తుప్పన్నాడు. గోకితే నెయిల్ పాలిష్. అమ్మ గోళ్ళ రంగు ఇక్కడ టెస్ట్ చేసుకుందేమో అని అన్నయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. వాడు సాండ్‌పేపర్ పట్టాడు.

ఫిబ్రవరి 17

అన్నయ్య ఒక వెధవ.

ఫిబ్రవరి 18

ఎందుకంటే బండిని నేలకి ఆనించేద్దామంటాడు. కెమెరాలో అలాగే బాగుంటుందట. కిందికి దించితే అమ్మ ఎలా ఎక్కుతుందిరా, బావిలోకి దిగినట్టు దిగి, బావిలోంచి తోడినట్టు తోడాలా అన్నాను. రేసు కారు సీటు కూడా వేద్దామన్నాడు. దాని పక్కలు మోకాలంత ఎత్తు. కాలు ఎత్తి దాటాలి. ఏ కాలు ఎత్తుతుంది?

స్పోర్ట్స్ కారు ఇరుసులు మన బాడీ కన్నా వెడల్పు. చక్రాలు బయటికి పొడుచుకొస్తాయి. చక్రాల మీది రేకులు, ఆ వీల్ ఆర్చులు, వెడల్పు చెయ్యడానికి మాత్రం ఒప్పుకున్నాను. ఎత్తు విషయంలో నా మాటే. అమ్మ మంచం ఎత్తు కొలిచి, సీటు అంతే ఎత్తులో ఉండేలా స్ప్రింగులు లెక్కకట్టాను. వాడు తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు. నేను రెండే అంటాను.

ఫిబ్రవరి 26

పాత ఫ్లోర్ కోసి కొత్త ఫ్రేములు వెల్డ్ చేశారు. క్లచ్ పెడల్ ఉన్నచోట రంధ్రానికి రేకు అతికించి మూసేశారు. నున్నగా, చిటికెన వేలు కూడా పట్టనంత. ఆఫీసులో సెలవు అడిగితే మేనేజర్ మళ్ళీ దేనికి అన్నాడు. కారు చేస్తున్నానన్నాను. మనం చేస్తున్నదీ అదేగా అని నవ్వాడు. కాదు సార్, మనం క్లిప్పు చేస్తున్నాం.

మార్చి 6

ఫిజియో అమ్మాయి వచ్చి ఫిర్యాదు. అమ్మ కాలు మళ్ళీ వెనకబడుతోందట. నెల కిందట బాగానే ఉండేదట. చేతికర్ర చాలేది, ఇప్పుడు వాకర్ కావాలంటోంది. పాదానికి రబ్బరు బ్యాండు తగిలించి లాగమంటే అమ్మ లాగదు. అది పిల్లలు ఆడుకునేదట.

నేను ఊరుకోలేదు. పట్టుదల మొత్తం ఎక్కడ పోయిందమ్మా, నిచ్చెనెక్కి కర్టెన్లు కట్టిన మనిషివి, సిగ్గుగా లేదా అన్నాను. అమ్మ కిటికీలోంచి ఖాళీ షెడ్డు వైపు చూసింది. పెయింటు ఆరిందా అని అడిగింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. నేనేం మాట్లాడుతున్నాను, ఆవిడేం అడుగుతోంది. నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మార్చి 15

ఇంజన్ తిరుగుతుంది, అంటుకోదు. బాబాయి చెవి ఆనించి పెట్రోలు పంపు పోయిందన్నాడు. పంపు మార్చాం. అంటుకోలేదు. ప్లగ్గులన్నాడు. మార్చాం. అంటుకోలేదు. ఈసారి చెవిలో గులిమి ఉందేమో చూసుకో బాబాయ్ అన్నాను.

లాప్‌టాప్ తగిలించి చూస్తే తెలిసింది. దాని కంప్యూటర్ ఇంకా యాక్సిడెంటులోనే ఉంది. లారీ గుద్దిన క్షణం దగ్గరే ఆగిపోయి, మంటలు లేవకుండా పెట్రోలు ఆపేసి కూర్చుంది. ఇంతకాలం అయినా దానికెవరూ చెప్పలేదు, అయిపోయిందని.

ఆ ఎర్రర్ తీసేశాను. మొదటి దెబ్బకే అంటుకుంది. రేకుల కప్పు అదిరింది. బాబాయి కళ్ళు తుడుచుకుంటూ పొగ అన్నాడు.

మార్చి 23

నడిపాను. గతుకుల మీద పడవలా పోయింది. మలుపులో అసలు ఒరగలేదు. వేలితో గేరు. ఎడమ కాలు ఊరికే పక్కన పడుకుంది. ఇది నా చేత్తో చేశాను.

మార్చి 24, ఉదయం 8

రేపటినుంచి అమ్మని నేను తిట్టక్కర్లేదు. ఆవిడే బయట తిరుగుతూ దొరకదు.

మార్చి 24, మధ్యాహ్నం 3

ఒక్కో మాటా రాసుకోవాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

బండి వాకిట్లో పెట్టాం. అన్నయ్య కెమెరా. బాబాయి కొత్త చొక్కా. అమ్మ వాకర్ వదిలి తలుపు పట్టుకుని కూర్చుంది. సీటు ఎత్తు అచ్చంగా సరిపోయింది. నాకు కేక పెట్టాలనిపించింది.

అమ్మ స్టీరింగ్ ముట్టుకోలేదు. ఎడమ కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకుని, పాదంతో దేన్నో వెతికింది. అటూ ఇటూ. రేకు మీద చెప్పు గీసుకుంటున్న చప్పుడు. ఎక్కడుంది అంది. అన్నయ్య కెమెరా వెనకనుంచి, ఎడమ కాలికి ఇంక పనే లేదమ్మా అన్నాడు.

అమ్మ వంగి చూసింది. పక్కన లోపలి గోడ చూసింది. కొత్త పెయింటు. వేలితో పైనుంచి కిందికి రాసింది.

అమ్మ అరుస్తుందని తెలుసు. అరవకపోవడం తెలియదు. చాలా నెమ్మదిగా మాట్లాడింది. రోజూ మధ్యాహ్నం ఇందులో కూర్చుని తొక్కేదాన్ని అంది. మొదట్లో కదిలేదే కాదట. ఎంతవరకు దిగితే అక్కడ చుక్క పెట్టుకునేదట. బెత్తెడు మిగిలింది, ఇంకొక్క బెత్తెడు, ఆ పూట మీరొచ్చి లాక్కెళ్ళారు అంది. చెప్తే ఇదీ మానిపిస్తారు, తాళం చెవి లాక్కున్నవాళ్ళకి పెడల్ లాక్కోవడం ఎంతసేపు, అందుకే చెప్పలేదు అంది.

నీకోసమే కదమ్మా అన్నాను.

నాకోసమా, నన్నడిగావా అంది. నా కాలు అడ్డం పెట్టుకుని నీ సరదా తీర్చుకున్నావు, బాగుంది, తిరుగు నువ్వే అంది.

దిగడానికి చెయ్యిస్తే తీసుకోలేదు. బాబాయి చెయ్యి పట్టుకుని దిగింది. అన్నయ్య కెమెరా ఇంకా ఆన్‌లోనే ఉంది. లాక్కుని ఆపేశాను.

మార్చి 25

నాన్నకి తెలుసు.

ఫ్లాస్కులో టీ పోసుకుని రోజూ ఆయనే వెళ్ళేవాడట. పక్కసీట్లో కూర్చుని, ఆవిడ క్లచ్ తొక్కితే ఈయన లేని బ్రేకు తొక్కేవాడట. ఎందుకు చెప్పలేదు నాన్నా అని ఊగిపోయాను. పేపరు మడతపెట్టి, మీరు పెయింటింగ్ అన్నారు కదమ్మా అన్నాడు.

నిజమే, అన్నాం. అందుకు ఇంకా కోపం.

మార్చి 27

అమ్మ మాట్లాడట్లేదు. అన్నం దగ్గర పప్పు గిన్నె నావైపు జరుపుతుంది, అంతే.

పాత సామాను ఏదని అడిగితే బాబాయి మొత్తం తూకానికి వేసేశాడట. ఎవడికి తెలుసు ఇంజనీరమ్మా, నువ్వే కదా ఇంక పనికిరావన్నావు అన్నాడు. నేనే అన్నాను.

ఇనుప సామాను యార్డుకి వెళ్ళాను. ఏ పెడల్ అన్నాడు అక్కడివాడు, కొండ చూపించి. సైకిల్ ట్యూబు చుట్టింది అన్నాను. గుట్టమీద గుట్ట తిరగేశాను. గోళ్ళు విరిగాయి. వాడు బీడీ తాగుతూ, అక్కా ఏదైనా బంగారం పెట్టి మర్చిపోయావా అన్నాడు. సాయం పట్టకుండా జోకులేసే మగవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక యార్డు పెట్టాలి.

దొరికింది. ట్యూబు అరిగి, బొటనవేలు ఆనేచోట గుంట పడింది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. కోపం పోలేదు. ఎవరిమీదన్నదే మారింది, అంతే.

మార్చి 30

పెడల్ బిగించాలంటే నున్నటి రేకు మళ్ళీ కొయ్యాలి. దేనికీ తగిలించని పెడల్ దేనికి, మోకులేని గంటలాగా అని బాబాయి గొణిగాడు. అన్నయ్య తన పెయింటు మీద తనే గ్రైండర్ పెట్టాడు. వీడియో తియ్యలేదు.

పెడల్ వెనక స్ప్రింగు పెట్టాను. పాత క్లచ్ బిగువు ఎంతుండేదో నా మోకాలికి గుర్తున్నంత వరకు లెక్కకట్టాను. బ్రేకుకి దూరంగా జరిపాను. బండిని షెడ్డులో పెట్టి, దిండు, శాలువా సీట్లో వేసి, తాళం చెవి స్టీరింగ్‌కే వేలాడదీసి వచ్చేశాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఈ ఇంట్లో అదే పద్ధతి కదా.

ఏప్రిల్ 2

నాన్న అమ్మ దగ్గర్నుంచి కబురు తెచ్చాడు. స్ప్రింగు మెత్తగా ఉందట. జాలిపడి వేసినట్టుందట. తియ్యమంది.

ఏప్రిల్ 3

గట్టిది వేశాను. నాకే మోకాలు నొప్పి.

ఏప్రిల్ 5

పెడల్ పక్కన గోడ మీద ఎర్ర చుక్క. ఒక్కటే. బాగా పైన. ఇంకా తడిగా ఉంది.