ఇక ‘అదిరింది’ అనను

1, సోమవారం. పొద్దున, షాపు తెరవడానికి ముందు.

ఈ రోజు నుంచి కొనడానికి వచ్చినవాళ్లతో ఒక్క అబద్ధం కూడా ఆడను. ముందు నెల రోజులు. తర్వాత జీవితాంతం.

రాయగానే వీపు నిటారుగా అయింది. మంచి సూచన.

కారణం రాసుకోవాలి. నిన్న పక్కింటావిడ ఏదో మందు సీసా గురించి మా అమ్మతో వాదించింది. అమ్మ సీసా నా చేతికిచ్చి చదవమంది. చదివాను. “మా పిల్ల చదివి చెప్పింది. ఇంక మాటేముంది,” అంది అమ్మ. మా ఇంట్లో కాలేజీ దాకా వెళ్లింది నేనొక్కదాన్నే. నేను ఒక మాట అంటే అమ్మకు అది రాతి మీద గీత. అదే నోటితో శనివారం షాపులో ఎంతమందికి ‘అదిరింది సార్’ అన్నానో గుర్తొచ్చి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ రోజు వచ్చినవాళ్లలో నిజంగా అదిరినవాళ్లు ఇద్దరు. వాళ్లలో ఒకాయనకి ‘అదిరింది’ అని నేను చెప్పలేదు కూడా.

మాది మగవాళ్ల బట్టల షాపు. మామూలు బట్టలు కావు. తాతల కాలం నాటి కోత. బొడ్డు పైదాకా వచ్చే వెడల్పాటి ప్యాంట్లు, అవి జారకుండా భుజాల మీదుగా వేసే సస్పెండర్లు, రెండు రంగుల తోలు బూట్లు, ఓరగా పెట్టుకునే టోపీలు. కొనేది స్వింగ్ డాన్సు చేసేవాళ్లు. పాత బ్యాండు సంగీతానికి ఆడా మగా జంటగా గిరగిరా తిరుగుతూ చేసే డాన్సు అది. అద్దం ముందు నిలబడితే ఏ ప్యాంటయినా మంచిదే, తిరిగినప్పుడే దాని బుద్ధి బయటపడుతుందని మా ఓనరు గారి సిద్ధాంతం. అందుకే షాపు మధ్యలో రెండు మంచాలంత చెక్క నేల వేయించి, పైన బోర్డు పెట్టించారు: ‘తొడగండి. తిరగండి. తర్వాతే కొనండి.’ బట్ట తొడిగిన ప్రతి మనిషితోనూ ఎవరో ఒకరు ఒక పాట పూర్తిగా డాన్సు చేయాలి కదా. ఆ ఎవరో ఒకరు నేనే. ఉద్యోగం అది.

ఇంకా ఖాయం కాలేదు. ఈ నెల ఇరవై ఆరున ఊళ్లో స్వింగ్ డాన్సువాళ్లంతా కలిసే పెద్ద రాత్రి ఉంది. దాని మర్నాడు చెబుతానన్నారు. అమ్మ ఒక హాస్టల్లో వండుతుంది. అక్కడి వంటింట్లో అప్పుడే అందరికీ చెప్పేసింది, మా అమ్మాయికి నెలాఖరున ఖాయం చేస్తారని.

రాత్రి.

నిజాలు: మూడు. అమ్మకాలు: లేవు.

బ్యాంకు ఉద్యోగి ఒకాయన టోపీ పెట్టుకుని ఎలా ఉందన్నాడు. కుండ మీద మూత పెట్టినట్టుందని చెప్పాను. నవ్వాడు. నవ్వుతూనే వెళ్లిపోయాడు. కంప్యూటర్ల ఉద్యోగం చేసే అబ్బాయికి, ఆ ప్యాంటు తనను మింగేసి తల మాత్రం వదిలిందని చెప్పాను. అతను నవ్వలేదు. మూడో ఆయన ఏమీ అడగలేదు. నేనే చెప్పాను.

మనసు చాలా తేలిగ్గా ఉంది.

3, బుధవారం.

ఓనరు గారు పిలిచారు. అరిచే మనిషి కాదు. అద్దాల అరలో బొమ్మకి టై కడుతూ, ఆ బొమ్మతో చెబుతున్నట్టే చెప్పారు.

“నిజం చెప్పొద్దని నేనెప్పుడూ అనను అమ్మాయ్. అడక్కుండా చెప్పకు, అంతే.”

న్యాయమే. అడగని నిజం పిలవని పేరంటానికి వెళ్లడం లాంటిది. కాబట్టి మొదటి సవరణ: అడిగితేనే నిజం. అడగకపోతే మౌనం. మౌనం అబద్ధం కిందికి రాదు. వస్తుందని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

5, శుక్రవారం.

పళ్ళ డాక్టరు గారు వచ్చారు.

మా షాపుకి ఆయన పెద్ద దిక్కు. వారం వారం వస్తారు. యాభై దాటిన మనిషి, మెత్తటి గొంతు, ఎప్పుడూ సబ్బు వాసన వేసే చేతులు. డాన్సు హాల్లో ఒకసారి ఆయనతో చేసినవాళ్లు రెండోసారి పిలిస్తే మంచినీళ్లు తాగొస్తామని వెళ్లి మరి కనబడరట. లోపం బట్టల్లో ఉందని ఆయన అనుమానం. మొదట బూటు అడుగు సాఫీగా జారడం లేదన్నారు. తోలు అడుగువి కొన్నారు. తర్వాత చెయ్యెత్తితే చొక్కా బయటికొస్తోందన్నారు. బొడ్డు పైదాకా ఉండే ప్యాంటు కొన్నారు. ఈ వారం సస్పెండర్ల మీద పడ్డారు. క్లిప్పులవి వద్దట, గుండీలవి కావాలట.

లోపం ఎక్కడుందో నాకు మొదటి వారమే తెలిసింది. ఈ డాన్సులో మగమనిషి చెయ్యి వదులుగా అందుకుని దారి చూపించాలి. ఈయన బిగించి పట్టుకుని, కాస్త అటూ ఇటూ కదిపి చూసి, ఒక్క లాగు లాగుతారు. పన్ను పీకినట్టు. పాట అయ్యేసరికి నా భుజం చిగుళ్లు వదులైపోతాయి.

ఎలా ఉందమ్మా అన్నారు. అడిగారు కాబట్టి నిజం చెప్పాలి.

“ఇన్ని తిరుగుళ్లు తిరిగినా ప్యాంటు మడత చెదరలేదు సార్,” అన్నాను.

ఇది పచ్చి నిజం. రెండో సవరణ: దేని గురించి నిజం చెప్పాలో ఎంచుకునే హక్కు చెప్పేవాళ్లది.

8, సోమవారం.

కౌంటరులో కూర్చునే అక్కకు నా నిర్ణయం గురించి చెప్పాను. ఆమె నాకంటే చాలా ఏళ్లు ముందు చేరింది. నవ్వుతుందనుకున్నాను. జాలిగా చూసింది. మంచి మాటలు ఇన్ని ఉండగా అబద్ధం ఆడాల్సిన ఖర్మేమిటే అని, మూడు నేర్పింది.

‘ఇలాంటిది ఇంతవరకూ ఎవరి మీదా చూడలేదు.’

‘మీరు కాబట్టి వేసుకోగలిగారు.’

‘ఇది వేసుకుని ఇంటికెళ్తే మీవాళ్లు చూస్తూ ఉండిపోతారు.’

మూడింటినీ తిరగేసి బోర్లేసి చూశాను. ఎక్కడా అబద్ధం తగల్లేదు.

మధ్యాహ్నం భార్యాభర్తలు వచ్చారు. ఆయన బో టై, సస్పెండర్లు వేసుకుని బయటికొచ్చారు. “నువ్వు చెప్పమ్మా,” అంది ఆవిడ, “టోపీలోంచి పావురాన్ని తీసేవాడిలా లేడూ?” ఇలాంటిది ఇంతవరకూ ఎవరి మీదా చూడలేదన్నాను. ఆవిడ తన పక్షాన మాట్లాడానని మురిసిపోయింది. ఆయన తన పక్షాన మాట్లాడానని మురిసిపోయారు. రెండు జతలు కొన్నారు.

సాయంత్రం ఓనరు గారు నా వైపు చూసి తలూపారు. నిజాయితీగా కూడా బతకొచ్చని రుజువు చేశాను.

రాత్రి.

ఇదంతా అమ్మకు చెప్పాను. హాస్టల్ పిల్లలు, ఆంటీ ఇది నిన్న వండిందా అని అడిగితే ఏం చెబుతావని అడిగాను.

“నిన్నటిదైతే నిన్నటిదే అంటా. తినేవాళ్లు తింటారు. దీనికింత ఆలోచనెందుకే? చదువుకున్నదానివి, నీకు తెలీదా ఏంటి?”

నిద్ర వస్తోంది. దీపం ఆర్పేస్తున్నాను.

20, శనివారం.

చాలా రోజులు రాయలేదు. తీరిక లేక. అంతకంటే ఏమీ లేదు.

ఈ రోజు జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను. పళ్ళ డాక్టరు గారు కొత్త గళ్ల చొక్కా తొడిగారు. టై కొస ఎదుటి మనిషి ముఖానికి తగలకుండా చొక్కా లోపలికి దోపుకున్నారు. అన్ని జాగ్రత్తలూ తీసుకునే మనిషి, పాపం. పాట అయింది. ఎప్పటిలా అద్దం వైపు వెళ్లలేదు. నా ముందే నిలబడ్డారు.

“ఒక్క మాట చెప్పమ్మా. లోపం బట్టల్లో ఉందా, నాలో ఉందా?”

అక్క నేర్పిన మూడు మాటలూ వరసగా నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాయి. ఒక్కటీ అతకలేదు. కౌంటరు దగ్గర ఓనరు గారు తలెత్తారు. ఖాయమో కాదో తేలడానికి ఇంకో వారమే ఉంది.

“బట్టల్లోనే సార్,” అన్నాను. అక్కడైనా ఆగాల్సింది. “మీరు డాన్సు బాగా చేస్తారు. మీకు తగ్గ సూటు ఇంకా పడలేదు, అంతే. పడితే అదిరిపోతుంది.”

ఆయన ముఖం విచ్చుకుంది. మూడు ముక్కల సూటు కుట్టమన్నారు. దానికి గొలుసు గడియారం. దానికి జేబురుమాలు. కొలతలు ఓనరు గారే స్వయంగా తీశారు.

పెద్ద రాత్రి చివర్లో అందరూ గుండ్రంగా నిలబడతారు. ఒక్కో జంటా మధ్యలోకి వెళ్లి, కాసేపు చేసి వస్తుంది. ఇన్నేళ్లలో ఆయన ఎప్పుడూ అంచున నిలబడి చప్పట్లు కొట్టడమేనట.

“ఈసారి నాతో నువ్వొస్తావా అమ్మా? బాగా చేస్తానన్నావుగా.”

వస్తానన్నాను. ఇంకేమంటాను.

21, ఆదివారం.

బాగా ఆలోచించాను. అది అబద్ధం కాదు, మందు. రోగి అడిగింది మందు. పైగా ఆయన సంతోషంగా వెళ్లారు. నిజం చెప్పించుకుని సంతోషంగా వెళ్లినవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ లేరు. ఉన్న ఒక్క బ్యాంకాయనా మళ్లీ రాలేదు.

అమ్మ నా భుజానికి కాపడం పెట్టింది. షాపులో ఏం మోస్తున్నావే అంది. కోట్లు అన్నాను. అమ్మ కొనడానికి వచ్చిన మనిషి కాదు కాబట్టి ఇది నిర్ణయం కిందికి రాదు.

24, బుధవారం.

వచ్చిన ప్రతివాడికీ ‘అదిరింది’ అన్నాను. ఎవరూ అదరలేదు. డైరీ రాయడం అంత అవసరమా?

26, శుక్రవారం. డాన్సు రాత్రి.

సూటు నిజంగా బాగుంది. ఇది మాత్రం ఎవరి ముందైనా చెబుతాను.

మేం మధ్యలోకి వెళ్లగానే చుట్టూ ఉన్నవాళ్లు ఆహా అన్నారు. ఆ ఆహా సూటుది. తర్వాత ఆయన నా చెయ్యి అందుకుని పీకారు. నేను ఆయన్ని దాటి, గుండ్రంగా నిలబడ్డ జనాన్ని దాటి, మంచినీళ్ల బల్ల దగ్గర ఆగాను. కొత్త స్టెప్పేమో అనుకుని జనం దారిచ్చారు, చప్పట్లు కొట్టారు. పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చాను. అదీ స్టెప్పే అనుకున్నారు. అందరికంటే గట్టిగా కొట్టింది మా ఓనరు గారు.

తర్వాత బయట మెట్ల మీద కూర్చున్నాం. డాక్టరు గారు టోపీ తీసి విసురుకుంటున్నారు.

“నేను రోజంతా ‘నొప్పి ఉండదు’ అంటుంటానమ్మా. అనేటప్పుడు గొంతు ఎలా మారుతుందో నాకు బాగా తెలుసు. మొన్న నువ్వు ‘బాగా చేస్తారు’ అన్నావు చూడు, అదే గొంతు.”

నాకు తల తిరిగింది. డాన్సు వల్ల కాదు.

“తెలిసీ సూటు కుట్టించుకున్నాను. కుర్చీలో కూర్చున్నవాడికి ఆ మాట కావాలిగా. ఇప్పుడు పన్నెలాగూ పోయింది. ఇంక చెప్పు.”

“మీరు చెయ్యి పట్టుకోరు సార్. పీకుతారు.”

ఆయన తన కుడిచేతిని చాలాసేపు చూసుకున్నారు, ఎవరిదో తెచ్చి అతికించినట్టు. ఎలా పట్టుకోవాలన్నారు. వేళ్లు కొక్కెంలా వంచి చూపించాను. సంచీ తగిలించుకున్నట్టు. సంచీ దానంతటది వేలాడాలి, మనం పిసక్కూడదు. లోపల చివరి పాట వస్తోంది. మెట్ల కిందే చేశాం. ఆయన అడుగులు తప్పారు, నా కాలు తొక్కారు. నా భుజం మాత్రం నా దగ్గరే ఉంది.

గెలిచాను! నిజం చెప్పాను, ఆకాశం విరిగి పడలేదు. రేపు ఖాయం చేస్తారు.

27, శనివారం.

షాపు తెరిచేసరికే పళ్ళ డాక్టరు గారు బయట నిలబడి ఉన్నారు. రెండు చేతులా సంచులు. కోపం ఏమీ లేదు. ఆ మెత్తటి గొంతుతోనే ఓనరు గారికి విషయం వివరించారు. లోపం బట్టల్లో లేదు, చేతిలో ఉందని మీ అమ్మాయే తేల్చింది. కాబట్టి ఈ సస్పెండర్లూ టోపీలూ సూటూ నాకిక దేనికి? మామూలు ప్యాంటు చాలు.

ఓనరు గారు నా వైపు తిరిగారు.

“అలా అన్నావా?”

“అన్నాను సార్.”

“మరి బట్టల్లోనే ఉందని నా ఎదురుగా అన్నావు?”

“అదీ అన్నాను సార్.”

అక్క అటు తిరిగి, సర్దిన హ్యాంగర్లనే మళ్లీ సర్దడం మొదలుపెట్టింది.

చెమట పట్టిన సూటు వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు ఓనరు గారు. వాడనివన్నీ తీసుకున్నారు. డాక్టరు గారు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, వేళ్లు కొక్కెంలా వంచి నాకు చూపించారు. చాలా సంతోషంగా ఉన్నారు.

ఓనరు గారు సస్పెండర్లు చుట్టి పెట్టెలో పెడుతూ, “ఇంకో నెల చూద్దాం అమ్మాయ్,” అన్నారు.

అబద్ధం ఆడినందుకా, నిజం చెప్పినందుకా అని అడిగాను. తెలుసుకుంటే దిద్దుకోవచ్చు కదా.

“రెండూ ఒకే మనిషికి చెప్పినందుకు.”

ఇంటికి వచ్చేసరికి అమ్మ గిన్నెలు తోముతోంది. తలెత్తకుండానే అడిగింది.

“చేశారా?”

“చేశారమ్మా.”

అలా వచ్చేసింది. పూర్తి మాట అమ్మ ముందు పడ్డాక గానీ నాకు వినబడలేదు. ఇంకెవరైనా అయితే నిజమా అని అడిగేవాళ్లు. అడిగితే చెప్పేసేదాన్నేమో. అమ్మ అడగలేదు. చేతులు కడుక్కుని, చెంగుకు తుడుచుకుని, వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది.

28, ఆదివారం.

హాస్టల్లో అమ్మ అందరికీ చెప్పేసింది. పిల్లలకు తలా ఒక గరిటె ఎక్కువ వడ్డించిందట. ఎందుకని వార్డెన్ అడిగితే, మా అమ్మాయికి ఉద్యోగం ఖాయమైందమ్మా అందట.

నిదానంగా ఆలోచించాను. నేనన్నది అబద్ధం కాదు. ముందుగా చెప్పిన నిజం. వచ్చే నెల ఓనరు గారు ఖాయం చేస్తే అది నిజమైపోతుంది. ఒకవేళ చేయకపోతే

ఈ వాక్యం ఎంతసేపు కూర్చున్నా పూర్తి కావడం లేదు.

సరే. సవరణలన్నీ రద్దు. కొత్త నిర్ణయం, ఈసారి మినహాయింపులు లేవు. ఇక ఎవరితోనూ అబద్ధం ఆడను. కొనేవాళ్లతో ఆడను, ఓనరు గారితో ఆడను, ఈ డైరీతో ఆడను. అందరికంటే ముందు అమ్మతో. రేపు పొద్దున్నే, తను పనికి వెళ్లేలోపు చెప్పేస్తాను.

పొద్దున అయితే హడావుడిలో ఉంటుంది. సాయంత్రం చెబుతాను.

సాయంత్రం అలిసిపోయి వస్తుంది. మంగళవారం అమ్మకు సెలవు. తీరిగ్గా కూర్చోబెట్టి, మొదటి నుంచీ చెప్పొచ్చు.

మంగళవారం నుంచి మొదలు. అంతవరకూ ఇంట్లో తక్కువ మాట్లాడతాను.