యాదమ్మ గారి డాబా మీది పెట్టె

24 ఏప్రిల్ 1974, బుధవారం

మనసు కుదుటపడలేదు. శనివారం రాత్రి డాబాల మీద మేం పెట్టిన నాలుగు డిటెక్టరు పెట్టెలూ దాదాపు ఒకేసారి పలికాయి. ఆకాశం నుంచి అంత పెద్ద కణాల జల్లు మాకెప్పుడూ దొరకలేదు. ఏ పెట్టెకు ముందు తగిలింది, దేనికి తర్వాత అన్న తేడాతో అది వచ్చిన దిక్కు లెక్కగట్టాం. అంత పెద్ద జల్లు కురిపించిన కణానికి శక్తి చాలా ఎక్కువ, అది దారిలో పెద్దగా వంగదు. అది పుట్టిన చోటు ఆ దిక్కునే ఉండాలి. అది అక్కడి శాస్త్రవేత్తలకు చూపించడానికే మా పరిశోధన నడిపే డాక్టరు గారు రేపు బొంబాయి వెళ్తున్నారు.

ఇవాళ సాయంత్రం ఫ్యూజు మార్చడానికి, ముందుగా కబురు చేయకుండానే శాలిబండ వెళ్లాను. యాదమ్మ గారి డాబా మీద పెట్టె ఉండాల్సిన చోట నులక మంచాలున్నాయి. పెట్టె పిట్టగోడ పక్కన ఉంది.

"ఎండకాలం గద సారూ, రాత్రి ఈడ్నే పంటం. నేను, మా ఆయన చెరో దిక్కు పట్టి జరుపుతం. మూత ముట్టలే. మీరొచ్చే సోమారం మళ్ల ఆడ్నే పెడుతం" అంది.

"శనివారం జరిపారా?"

"యాదికి లేదు సారూ. వాన పడితే కిందనే పంటం."

పెట్టె పది అడుగులు జరిగినా మేం లెక్కగట్టిన దిక్కు ఆకాశంలో ఇంకెక్కడికో పోతుంది. ఆ రాత్రి వాన పడి ఉండాలని కోరుకుంటూ పక్కనే ఉప్పుగూడలో మా ఇల్లు చేరాను. అన్నం దగ్గర మా ఆవిడను అడిగాను, శనివారం ఎక్కడ పడుకున్నామని.

"డాబా మీదే కదండీ. చినుకైనా పడిందా? విసిరి విసిరి నా చేతులు పడిపోయాయి."

డాక్టరు గారి రైలు పొద్దున్నే. స్టేషనుకు వెళ్తాను. ఏమని మొదలుపెట్టాలో...