ఎత్తు తగ్గించని జీపు

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అప్పట్నుంచీ నాకు ఇంట్లో కుదురుగా ఉండబుద్ధి కావడం లేదు. లంక దారుల కోసం నువ్వు ఎత్తు పెంచుకున్న జీపుని అందరూ అమ్మేయమన్నారు. నేను తెనాలి షెడ్డుకి పంపాను. పోలియో కాళ్లతో నడుపుతానంటే మెకానిక్ ముందు నమ్మలేదు.

"ఎత్తు తగ్గించేద్దామక్కా, ఎక్కడం తేలికవుద్ది," అన్నాడు.

"తగ్గిస్తే కొల్లూరు లంక ఇసకలో కూరుకుపోద్ది. బండిని దించొద్దు, నన్ను పైకెక్కించు."

చివరికి నేలదాకా దిగొచ్చి నన్ను కూర్చోబెట్టుకుని పైకి లేచే సీటొకటి బిగించాడు. బ్రేకూ ఆక్సిలరేటరూ చేతికందేలా మార్చాడు. క్లచ్చు తొక్కే పనే లేకుండా చేశాడు.

నడపడం నేర్చుకుని, ఇవాళ అమ్మతో మన అరటితోటకి వెళ్లాను. ఏటి ఇసకలో చక్రాలు జారినప్పుడు అమ్మ పైకి వినబడేలా ప్రార్థన చేసింది. బండి మాత్రం ఆగలేదు.

తోట చేరాక దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

"ఇంక ఆపవే, నాకు కళ్లు తిరుగుతున్నాయి," అంది అమ్మ.

"ఇంకొక్క చుట్టేనమ్మా."

ఈ తోటలో జీపు ఆగిన ప్రతిసారీ నువ్వే వచ్చి నన్ను ఎత్తుకుని దించేవాడివి. ఆపడానికి చెయ్యి రాలేదురా.

అక్క