ఫిబ్రవరి రెండో తేదీ టమాటాలు

జనవరి 10, శుక్రవారం

కోడలు బ్యాంకు నుంచి డైరీ తెచ్చి చేతిలో పెట్టింది. అత్తయ్యా, ఇకనుంచి కొన్ని మాటలు ఇందులో అనండి, మేం కాస్త ఊపిరి పీల్చుకుంటాం అంది. నా దగ్గర పదకొండేళ్లు ఉంటే ఎవరికైనా ఆ మాత్రం మాట వస్తుంది.

పెరట్లో పన్నెండు టమాటా మొక్కలు. రెండు వరసలు, అంగుళం తేడా లేదు. సర్వేయరుగా రిటైరైన మనిషి తాడు కట్టి నాటితే అలాగే ఉంటాయి. నాటింది నవంబరులో. డిసెంబరులో ఈయన కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. మా అబ్బాయి కారులో తీసుకెళ్లి తీసుకొస్తాడు. డయాలసిస్ సూదుల కోసం ఎడమ చేతికి ఆపరేషన్ చేశారు, ఆ చేత్తో బకెట్ ఎత్తకూడదు. కాబట్టి ఈయన కుర్చీలో కూర్చుని హుకుం జారీ చేస్తారు, నేను నీళ్లు మోస్తాను.

ఈయనకి రోజుకి లీటరు నీళ్లే. ఇవాళ నేను బకెట్ వంచుతుంటే, దానికి అంత పోశావు, నాకు ఇంకో గుక్క పొయ్యొచ్చుగా అన్నారు. నవ్వుతూనే అన్నారు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

జనవరి 14, మంగళవారం

డైట్ చార్టు ఫ్రిజ్‌కి అంటించాను. ముప్పయ్యొక్క ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని, కిడ్నీలు పోతే పొటాషియం ఒంట్లోనే పేరుకుని గుండెకి ముప్పని నాకు ఇంకొకళ్లు చెప్పక్కర్లేదు. కూరముక్కలు రెండుసార్లు ఉడికించి, అది దిగిన నీళ్లు వంచేస్తాను. టమాటా అసలే వద్దు. ముక్కలు వంచిన నీళ్లు చల్లార్చి మొక్కల మొదట్లో పోస్తాను. నా నోటి దగ్గరది తీసుకెళ్లి వాటికి పెడుతున్నావు, కన్నపిల్లలేమీ కాదుగా అని ఈయన. పిల్లలైతే ఇంత బుద్ధిగా ఎదగరు అని నేను.

జనవరి 21, మంగళవారం

మొదటి పండు ఎర్రబడింది. ఒక్క చక్రం కోసి పెట్టవోయ్ అన్నారు. కుదరదన్నాను. డయాలసిస్‌లో పక్క బెడ్డు ఆటో డ్రైవరు చెప్పాడట, మెషిన్ పెట్టిన మొదటి గంటలో కాస్త తింటే ఏమీ కాదు, మెషినే లాగేస్తుందని. ఆ ఆటో డ్రైవరు ఏ యూనివర్సిటీలో చదివాడండీ అన్నాను.

జనవరి 22

నేను చెప్పింది కరెక్టే.

ఫిబ్రవరి 2, ఆదివారం. ఉదయం 11

పద్దెనిమిది పళ్లు కోశాను. ఈయన ఒకటి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. చాలాసేపు అలాగే ఉన్నారు. తర్వాత, నువ్వు తిని చెప్పు ఎలా ఉందో అన్నారు.

తిన్నాను. ఇన్నేళ్లలో మా పెరట్లో అలాంటి పండు కాయలేదు. తియ్యగా ఉండి, చివర్లో నాలుక మీద చిన్న పులుపు. చెయ్యి వెంట రసం కారింది. ఈయన నా నోటినే చూస్తున్నారు, చిన్నపిల్లాడిలా. ఆ చూపు భరించలేక, చప్పగా ఉన్నాయండీ, ఉత్త నీళ్లు అన్నాను. ఆశ తెగిపోతే బాధ ఉండదనుకున్నాను.

ముక్కలు తరుగుతున్న కోడలు నోరు తెరిచింది. నేను చూసిన చూపుకి మూసుకుంది.

ఈయన పండు బుట్టలో పెట్టేశారు. చప్పగానా, అన్నారు, తనలో తనే.

ఫిబ్రవరి 3

పొద్దున ఆరింటికే పెరట్లో ఉన్నారు, మట్టిలో వేలు గుచ్చి చూస్తూ. నీళ్లు ఎక్కువైపోయాయోయ్, అందుకే రుచి దిగలేదు అన్నారు. ఇకనుంచి నీళ్లు సగానికి సగం తగ్గించాలి. మూల మీద బేకరీలో కట్టెల బూడిద తెప్పించి, రోజు విడిచి రోజు మొక్కకి రెండు గుప్పిళ్లు వెయ్యాలి.

బూడిదంటే పొటాషియమే. ముక్కలు ఉడికిన నీళ్లతో అది మొక్కలకి చాలినంత అందింది. ఇంకా వేస్తే మట్టి పాడవుతుంది. ఫస్టియర్ పిల్లలు కూడా చెప్తారు. కానీ వద్దంటే, ఎందుకు వద్దో చెప్పాలి.

వేశాను.

ఫిబ్రవరి 14

ఆకుల అంచులు పసుపెక్కి ముడుచుకుంటున్నాయి. ఇవాళ నాలుగు పళ్లు. ఎలా ఉన్నాయని అడిగారు. ఈయనకి కాస్త ధైర్యంగా ఉంటుందని, ఇప్పుడు కొంచెం నయం అన్నాను. ముఖం విప్పారింది. చూశావా, పని చేస్తోంది, మూడేసి గుప్పిళ్లు వెయ్యి అన్నారు.

నా అంత తెలివైన మూర్ఖురాలు ఉండదు.

ఫిబ్రవరి 15

కోడలు వంటింట్లో నన్ను నిలేసింది. అత్తయ్యా, చెప్పేయండి, మావయ్య మిమ్మల్ని కొరుక్కు తినరు, వారానికి మూడు రోజులు ఆయన సూదులే తట్టుకుంటున్నారు అంది. ఆదివారం చెప్తానన్నాను. ఏ ఆదివారం అని అడిగింది, గడుసుది.

ఫిబ్రవరి 20, గురువారం

పూత మొత్తం రాలిపోయింది. హాస్పిటల్ నుంచి వచ్చాక ఈయన కుర్చీ తిప్పించుకుని గోడవైపు కూర్చున్నారు. గోడ అవతల రిటైర్డ్ ఇంజనీరు గారు, చెవులు సరిగా వినపడని మనిషి, పంట ఎలా ఉందని కేకేశారు. ఈయన అంతకన్నా గట్టిగా, నా చేతి చలవ పోయిందండీ, నలభయ్యేళ్లలో ఇలా ఎప్పుడూ కాలేదు, ఇంక నా వల్ల కాదు అన్నారు.

నేను బకెట్ పట్టుకుని వెనకే ఉన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

చెప్పలేదు. బీపీ బాగా పడిపోయింది, నీరసంగా ఉన్నారు. ఇప్పుడు ఎందుకని ఆగాను. బుధవారం తప్పకుండా.

ఫిబ్రవరి 25, మంగళవారం

రెండో గంటలో. మెషిన్ మీదే. గుండె అన్నారు.

మార్చి 11, మంగళవారం

ఈయన ఫైలు కోసం డయాలసిస్ వార్డుకి వెళ్లాను. ఈయన ఉన్నన్నాళ్లూ బంధువుల్ని గుమ్మం దగ్గరే ఆపేసేవాళ్లు. ఇవాళ లోపలికి రమ్మన్నారు. ఈయన బెడ్డు పక్కనే ఖాకీ చొక్కాలో ఆ ఆటో డ్రైవరు ఉన్నాడు, చేతిలో జామపండు ముక్క. తింటున్నాడు. నర్సు పక్కనే నిలబడి మెషిన్ చూసుకుంటోంది, అతన్నేమీ అనలేదు.

అడిగాను. నర్సు చెప్పింది: మొదటి గంటలో చిన్న ముక్క, అదీ రిపోర్టులు బాగుంటే, మమ్మల్ని అడిగి తింటే పర్లేదమ్మా. మీవారూ అడిగారు, ఆయనవి బాగానే ఉన్నాయి, సరే అన్నాం. ఇంట్లో మేడమ్ ఒప్పుకోవాలి, ఒప్పిస్తాను అని నవ్వారమ్మా.

ఆటో డ్రైవరు ముక్క పక్కన పెట్టేశాడు. సార్‌కి నేనే మళ్లీ గుర్తు చేశానమ్మా, టమాటా తెస్తానన్నారు కదా అని. ఈసారి కాపు చప్పగా పోయిందయ్యా, చప్పటి పండు కోసం మా ఆవిడతో గొడవెందుకు, వచ్చే కాపుకి అడుగుతాలే అన్నారు.

ఫైలు తీసుకోకుండానే వచ్చేశాను. కోడలు ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాను. మళ్లీ అబద్ధం.

మార్చి 12. ఉదయం 6

గోడ దగ్గర స్టూలు వేసుకుని ఎక్కి ఇంజనీరు గారిని పిలిచాను. ఫిబ్రవరి రెండో తేదీ పళ్లు చాలా తియ్యగా ఉన్నాయండీ అన్నాను. ఏంటమ్మా అన్నారు. తియ్యగా ఉన్నాయి, ఆయన చేతిలో ఏ లోపమూ లేదు అన్నాను. ఏంటమ్మా అన్నారు.

అరిచి చెప్పాను.