గోడ వైపు తిరిగి చూసిన ఆట

మల్లేశన్నా,

నువ్వు పోయాక నీ బిడ్డ సరిత ఆడిన మొదటి కబడ్డీ ఫైనల్ ఈరోజు మన సిద్దిపేటలోనే జరిగింది.

ఆమె కూతకు వెళ్లినప్పుడల్లా నువ్వు గోడ వైపు తిరిగి నిలబడేవాడివి. నిక్కరు వేసుకున్న కూతురిని నలుగురిలో చూడలేని మగబుద్ధి నీదని ఎన్నిసార్లు పోట్లాడాను! నువ్వు నవ్వి ఊరుకునేవాడివి.

ఈరోజు రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. చివరి కూతకు ముందు విరామంలో సరిత నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"కాకా, జర గోడ దిక్కు తిరుగు."

"ఎందుకు బిడ్డా?"

"మనోళ్ల మొఖం కండ్లవడితే, ఓడిపోతె ఎట్లనో అని కాళ్లు ఆగిపోతయి. నాయినకు గూడ నేనే చెప్పిన."

తిరిగాను. కానీ నా వాదన వదల్లేదు. వందమందికి బెదరని పిల్ల తనను ప్రేమించే ఒక్క ముఖానికి ఎందుకు బెదరాలి? ఓడితే ఇంటి పరువు పోతుందని ఆడపిల్లలకు నేర్పిందెవరు? నువ్వైతే కాదు. మరి ఈ మాట నాకెందుకు చెప్పలేదు?

వెనక ఒక్కసారిగా అరుపులు లేచాయి. ఎవరు గెలిచారో తెలియదు. ఎదురుగా పెచ్చులూడిన గోడ. ఇన్నేళ్లూ నువ్వు చూసిన ఆట ఇదేనా అన్నా?

భుజం మీద చెమట చెయ్యి పడింది.

"ఇగ ఇటు తిరుగు కాకా. గెలిచినం."